కుర్చీ కింద కమ్మరి

సంచార జాతులు కనిపించకుండా పోతున్నాయని మండలి వారికి ఒకరోజు తెలిసింది. ఎటు పోతున్నాయని ఎవరూ అడగలేదు. సంచార జాతులు కదా, పోవడం వాళ్ళ వృత్తి అనుకున్నారు. అయితే పోయినవాళ్ళు తిరిగి రావడం లేదని ఒక సభ్యుడు సందేహం వెలిబుచ్చేసరికి సమావేశంలో కలకలం రేగింది. జీడిపప్పు పళ్ళెం ఖాళీ అయ్యేలోపు తీర్మానం కూడా పుట్టింది. సంచార జీవనాన్ని కాపాడాలి. కాపాడాలంటే ముందు దాన్ని ఒకచోట కదలకుండా నిలబెట్టాలి. నిలబెట్టాలంటే భవనం కావాలి.

మండలి పూర్తి పేరు సంచార జాతుల పరిరక్షణ, స్థిరీకరణ, సాంస్కృతిక పునరుజ్జీవన మండలి. దాన్ని ఆఫీసు గోడ మీద రాయిస్తే చోటు చాలక, చివరి మాట మూల తిరిగి పక్క గోడ మీదికి వెళ్ళింది. ఆ ఆఫీసులో కాస్తయినా సంచరించింది ఆ మాట ఒక్కటే.

భవనానికి స్థలం వెతికారు. మోదుగుకుంట శివారులో ఒక సర్కారు బయలు ఉంది. రోహిణి కార్తె ఎండల్లో ఏటా అక్కడ బండి కమ్మరులు దిగుతారు. మిరుగు, అంటే మృగశిర కార్తె, వచ్చేలోపు ఊళ్ళో ఉన్న కర్రులూ కొడవళ్ళూ గొడ్డళ్ళూ కాల్చి, సాగగొట్టి, పదును పెట్టి, మొదటి వాన పడగానే బళ్ళు కట్టుకుని వెళ్ళిపోతారు. తాతల నాటి నుంచీ ఇదే వరస. సంచారులు దిగే చోటు కాబట్టి సంచారుల భవనానికి ఇంతకన్నా తగిన చోటు లేదని మండలి ఏకగ్రీవంగా ఒప్పుకుంది. భవనం కట్టాక సంచారులు ఎక్కడ దిగాలన్నది ఎజెండాలో లేదు గనుక ఎవరూ చర్చించలేదు.

డేరా ఆకారంలో కాంక్రీటు భవనం లేచింది. ముందర సిమెంటు బండి, సిమెంటు ఎద్దులు. శిల్పి పట్నంలో పుట్టి పెరిగినవాడు, ఎద్దుల్ని బండి వైపు మొహం పెట్టి నిలబెట్టాడు. చుట్టూ ప్రహరీ కట్టి, ఇనుప గేటు పెట్టి, గేటు మీద పెద్ద అక్షరాలతో రాశారు: స్వేచ్ఛా సంచారానికి స్వాగతం. అనుమతి లేనిదే లోనికి రాకూడదు.

రుక్కుబాయి బండి ఆ గేటు ముందు ఆగేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. ఆమె వెనక కొడుకు తుకారాం బండి. చక్రాలు ఇప్పుడు రబ్బరువే గానీ ఎద్దులు మాత్రం రక్తమాంసాల ఎద్దులు. అవి సిమెంటు ఎద్దుల్ని చూసి బెదిరి రెండడుగులు వెనక్కి వేశాయి. రుక్కుబాయి దిగి, చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని గోడను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది.

గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నవాడు ఊరి మనిషే, సాయిలు. పోయినేడు దాకా గొడ్డలికి పదును పెట్టించుకోవడానికి ఆమె కొలిమి దగ్గర గొంతుక్కూర్చున్నవాడు. ఇప్పుడు ఖాకీ చొక్కా వేసుకున్నాడు.

"ఏంది సాయిలూ, మా జాగకు గోడ పెట్టిండ్రు?"

"మీ కోసమే కట్టిండ్రట అవ్వా."

"మా కోసమైతే మమ్ముల లోపటికి రానియ్యి మరి."

"మిమ్ముల రానియ్యద్దనే గద నాకు జీతమిస్తున్నరు," అన్నాడు సాయిలు, దాపరికం లేకుండా.

రుక్కుబాయి గేటు ఊచలు వదలలేదు. చోటు దొరకదని కాదు. బండి మనిషికి చోటుకేం తక్కువ, ఊరు కాకపోతే ఊరి పక్కన. ఆమె మొగుడు ఆ గోడ లోపల ఉన్నాడు.

ఆయన పోయి నాలుగు ఎండాకాలాలయింది. ఆ ఏడాది రోహిణి ఎండకు రోళ్ళు పగులుతుంటే, పైన సూర్యుడూ కింద కొలిమీ కలిసి మనిషిని వేయించేస్తున్నాయని, ఆయన పట్నం వెళ్ళి మండలి ఆఫీసు గుమ్మంలో నిలబడి ఒక రేకుల కప్పు అడిగాడు. నాలుగు గుంజలు, పైన నాలుగు రేకులు. మండలి సానుభూతితో పరిశీలించి, తొమ్మిదో నిబంధన చదివి వినిపించింది: పక్కా కట్టడం సంచార స్వభావాన్ని దెబ్బతీస్తుంది గనుక, సంచారి నివాసానికి పది గజాల లోపల ఎటువంటి శాశ్వత కట్టడమూ ఉండరాదు. ఆయన తిరిగొచ్చి ఆ మాట చెప్పి పడీపడీ నవ్వాడు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, చినిగిన తాటిపత్రి గుడ్డ నీడలో, సమ్మెట ఎత్తినవాడు ఎత్తినట్టే కూలిపోయాడు. బయలు అంచున తుమ్మచెట్టు కింద పూడ్చారు.

బండి కమ్మరులకు ఒక ఆచారముంది. తమవాళ్ళను పూడ్చిన చోటికి మళ్ళీ వచ్చినప్పుడు, ముందుగా ఆ మనిషి తలాపున దాగలి, అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మె, నాటి, కాల్చని ఇనుము మీద మూడు దెబ్బలు కొడతారు. వచ్చామని చెప్పడమన్నమాట. ఆ మాట చెప్పకుండా కొలిమి అంటించరు. అంటిస్తే ఆ ఏడాది కొట్టిన ఇనుమంతా విరుగుతుందని నమ్మకం. విరగకపోయినా సరే, ఇంటాయన్ను పలకరించకుండా పొయ్యి ముట్టించే ఆడది ఎక్కడైనా ఉంటుందా అని రుక్కుబాయి ప్రశ్న.

బళ్ళు వచ్చాయని తెలిసి రైతులు చేరారు. ముందు వచ్చినవాడు కొమురెల్లి, భుజాన గొడ్డలి, చేతిలో మొండి కొడవళ్ళ మోపు.

"మిరుగు నెత్తి మీదికొచ్చె అక్కా. గుంటక పాస సుత అరిగిపోయింది. గీడ గాకుంటె నా చెల్క కాడ దిగు, ఎవడద్దంటడు?"

"దిగుత తమ్మీ, దిగనని అంటున్ననా? ముసలాయనకు చెప్పకుంట కొలిమెట్ల అంటియ్యాలె?"

కొమురెల్లి కొడవళ్ళ మోపు కింద పెట్టి, తనూ గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున సాయిలు, లోపల తన ఉద్యోగం ఊడకుండా చూసుకొమ్మని బతిమాలి, రుక్కుబాయిని పెద్దసారు దగ్గరికి పంపాడు. పెద్దసారంటే మండలి ప్రత్యేకాధికారి పరాంకుశం గారు. నేల మీద నల్లరాయి పరిచిన చల్లటి గది. గోడ మీద తుమ్మచెట్టు బొమ్మ, దాని కింద "తుమ్మ: సంచారుల చిరకాల నేస్తం" అని రాసి ఉంది. బొమ్మ వేయించడానికి అడ్డమొచ్చిందని అసలు చెట్టును కొట్టేశారు.

"రండి, రండి. క్షేత్రస్థాయి భాగస్వాములతో ముఖాముఖి సంభాషించడం మండలికి సదా ఆనందదాయకం," అన్నారు పరాంకుశం గారు. "సంచార గుర్తింపు పత్రం ఉన్నదా?"

"లేదు సారూ."

పరాంకుశం గారి మొహం వాడిపోయింది. ఆయన కష్టం ఆయనది. వారం తిరక్కుండా ప్రారంభోత్సవం. మంత్రిగారు వచ్చి మొట్టమొదటి లబ్ధిదారుకు స్వహస్తాలతో పత్రం ఇవ్వాలి. జిల్లా అంతా గాలించినా అర్హుడైన సంచారి ఒక్కడూ దొరకలేదు.

"మూడవ నిబంధన ప్రకారం, సంచారిగా గుర్తింపు పొందగోరు వ్యక్తి ఒకే ప్రదేశంలో మూడు సంవత్సరాలు నిరంతరాయంగా నివసించి ఉండవలెను. లేనిపక్షంలో ఎవరుపడితే వారు వచ్చి సంచారులమంటారు. తీరా పరిశీలనకు వెళితే అక్కడ ఉండరు."

"మూడేండ్లు ఒక్క జాగల ఉంటే సంచారులమెట్లయితం సారూ?"

"అత్యంత లోతైన ప్రశ్న. దీని అధ్యయనానికి ఉపసంఘాన్ని నియమించాం. ఉపసంఘం ప్రస్తుతం సంచారంలో ఉన్నది."

రుక్కుబాయి ఆ మాటలు సగమే విన్నది. కిటికీలోంచి, పూడ్చిననాడు గుర్తు పెట్టుకున్న గుండురాయిని చూసింది, తాటిచెట్టును చూసింది, ఆ రెంటి మధ్యా చూపుతోనే గీత గీసి, ఆ గీత వెంట నేల మీదికి వచ్చింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సారూ, జెర మీ కుర్సీ పక్కకు జరుపుతరా?"

"ఎందులకు?"

"మా ముసలాయన తల మీద కూసున్నరు."

పరాంకుశం గారు లేచిన తీరు చూస్తే, ఆ వయసులో ఆ శరీరంతో అంత ఎత్తు ఎగరవచ్చని ఎవరూ అనుకోరు. గోడకు ఆనుకుని నిలబడి, సంగతంతా విన్నారు. విని, కొంత తేరుకుని, కళ్ళజోడు సర్దుకున్నారు.

"అనుమతి లేకుండా ప్రభుత్వ కార్యాలయ ఆవరణలో నివసించుట ఆక్రమణ కిందికి..." అని మొదలుపెట్టి చటుక్కున ఆగారు. "ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారు వారు?"

"నాలుగు మిరుగులాయె."

"మధ్యలో ఎక్కడికైనా వెళ్ళి రావడం..."

"ఎక్కడికి పోతడు సారూ, సచ్చినోడు?"

"అనగా నిరంతరాయంగా," అన్నారు పరాంకుశం గారు. "వృత్తి రీత్యా సంచారి. నివాస రీత్యా స్థిరుడు. అమ్మా, మండలి స్థాపించిన నాటి నుంచి ఎవరి కోసం ఎదురు చూస్తున్నదో ఆ మహానుభావుడు నా కుర్చీ కిందనే ఉన్నాడు!"

"నాకు పత్రం గిత్రం వద్దు సారూ. గీ బండ ఒక్కటి లేపితే దాగలి నాటి మూడు దెబ్బలు కొట్టుకుంట."

"ముందు పత్రం. పిమ్మట దెబ్బలు. మండలిలో ఏదైనా క్రమపద్ధతిలో జరుగుతుంది."

తర్వాత రెండు రోజులూ కొలిమి అంటకుండానే గడిచాయి. పడమట మబ్బు పట్టడం మొదలైంది. ఊళ్ళో మొండి పనిముట్లన్నీ ప్రహరీ పక్కన కుప్ప పడ్డాయి. మూడో రోజు పట్నం నుంచి విచారణాధికారి జీపు దిగాడు. సన్నగా, ముక్కుసూటిగా, నిబంధనలు తప్ప మరో ఆహారం తిననట్టుండే మనిషి. దరఖాస్తుదారు నిజంగా అక్కడే ఉంటున్నాడా లేదా అని ఇరుగుపొరుగు వారిని విచారించాలట. ఊరివాళ్ళను పరాంకుశం గారి గదిలో కుర్చీ చుట్టూ నిలబెట్టాడు.

"దరఖాస్తుదారు ప్రవర్తన ఎట్టిది?"

"మంచోడు సారూ," అన్నాడు కొమురెల్లి. "బతికున్నప్పుడు జెర కోపం ఎక్కువుండె. ఇప్పుడు మస్తు నెమ్మది."

"పగటివేళ నివాసంలోనే ఉంటాడా?"

"ఉంటడు."

"రాత్రివేళ బయట తిరగగా ఎవరైనా చూశారా?"

"తిరుగుతుంటె ఊర్ల మేముంటమా సారూ?"

విచారణాధికారి సంతృప్తిగా తలాడించాడు. దరఖాస్తుదారు ఫోటో కూడా ఉండాలి గనుక నల్లరాయి నేలను మూడు వైపుల నుంచి తీశాడు. పరాంకుశం గారు కాస్త గొంతు తగ్గించి, "లబ్ధిదారు కీర్తిశేషుడు కావడం వలన సాంకేతికంగా ఏమైనా..." అని నసిగారు.

"మూడవ నిబంధనలో నివాసం గురించి ఉన్నది," అన్నాడు విచారణాధికారి. "ప్రాణం గురించి లేదు. లేనిదాన్ని చేర్చే అధికారం మనకు లేదు."

గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న రుక్కుబాయికి ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. బతికున్న మనిషి రేకు ముక్క కోసం వెళ్తే వీళ్ళు గుమ్మం దాటనివ్వలేదు. కుర్చీ మాట దేవుడెరుగు, మంచినీళ్ళు ఇచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడు వారు, వీరు, మహానుభావులు! పట్టకారుతో ఇద్దరి ముక్కులూ పట్టుకుని లాగాలనిపించింది. కానీ మబ్బు పైకొస్తోంది, ఊరి ఇనుము ఎదురు చూస్తోంది, మొగుడు బండ కింద ఉన్నాడు. పళ్ళు బిగబట్టి ఊరుకుంది.

సంతకం పెట్టే ముందు విచారణాధికారి కలం గాలిలో ఆగిపోయింది.

"ఒక ఆటంకం ఉన్నది. పత్రం జారీ అయిన క్షణం నుంచి ఇది గుర్తింపు పొందిన సంచారి నివాసం. తొమ్మిదవ నిబంధన ప్రకారం దీనికి పది గజాల లోపల శాశ్వత కట్టడం ఉండరాదు. ఇక్కడొక గది కనిపిస్తున్నది."

"అది నా గది," అన్నారు పరాంకుశం గారు.

"దీని వలన లబ్ధిదారు సంచార స్వభావం దెబ్బతింటున్నది."

"ఇంకా ఏం దెబ్బతింటుందయ్యా ఆయన స్వభావం!"

"అది నిర్ణయించే అధికారం మీకూ లేదు, నాకూ లేదు."

పరాంకుశం గారు లెక్క వేసుకున్నారు. గది లేని భవనాన్ని మంత్రిగారు ప్రారంభించవచ్చు. లబ్ధిదారు లేని భవనాన్ని ప్రారంభిస్తే పత్రికలవాళ్ళు ఊరుకోరు. కుర్చీ అంచున కూర్చుని, కిందనున్న ఆయన మీద పాదం పడకుండా జాగ్రత్తపడుతూ, తన గదిని కూల్చే ఉత్తర్వు మీద తనే సంతకం పెట్టారు. మర్నాడు పొక్లెయిన్ వచ్చింది. కాంక్రీటు డేరాకు ఒక పక్క నోరు తెరుచుకుంది. తుమ్మచెట్టు బొమ్మ రాళ్ళలో కలిసింది. ప్రత్యేకాధికారి గారి బల్లా కుర్చీ ఆరుబయట వేశారు. ఏసీని ఎక్కడ బిగించాలో తెలియక సిమెంటు ఎద్దు వీపు మీద పెట్టారు.

ప్రారంభోత్సవం రోజున మంత్రిగారు రిబ్బను కత్తిరించి, చేతిలో పత్రంతో, పక్కన శాలువాతో అటూ ఇటూ చూశారు.

"లబ్ధిదారు ఏరయ్యా?"

"ఇక్కడే ఉన్నారు సార్," అన్నారు పరాంకుశం గారు, మట్టిని చూపిస్తూ. "కదలరు."

మంత్రిగారు ముప్పయ్యేళ్ళ నుంచి ప్రజాజీవితంలో ఉన్నవారు. దేన్ని చూసినా ఆశ్చర్యపోకూడదన్న విద్య ఆయనకు బాగా వచ్చు. శాలువాను పక్కనే నాటడానికి సిద్ధంగా ఉంచిన దాగలికి కప్పి, మైకు అందుకున్నారు. "చెదరని సంకల్పం! కదలని దీక్ష! సంచార సోదరులారా, ప్రతి ఒక్కరూ వీరి అడుగుజాడల్లో నడవాలి. వచ్చే ఏటికి జిల్లాకు వందమంది ఇలాంటి లబ్ధిదారుల్ని తయారు చెయ్యాలని అధికారుల్ని ఆదేశిస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. పరాంకుశం గారు ఆనందం పట్టలేక రుక్కుబాయి వైపు వంగి, "మీరు కూడా ప్రయత్నించండమ్మా, కుటుంబీకులకు ప్రాధాన్యత ఉంటుంది," అన్నారు.

రుక్కుబాయి శాలువా తీసి తుకారాం చేతికిచ్చింది. వాళ్ళిద్దరూ దాగలిని మట్టిలో దిగగొట్టారు. ఆమె చల్లటి ఇనుప ముక్క దాని మీద పెట్టి సుత్తె ఎత్తింది. ఒకటి. రెండు. మూడు. మైకు ఇంకా ఆపలేదు గనుక ఆ చప్పుడు ఊరవతల చెలకల దాకా వినిపించింది. చెలకల్లో ఉన్నవాళ్ళు పని ఆపి తల తిప్పారు.

"ముసలోడా, వచ్చినం," అంది రుక్కుబాయి. "గోడ పెట్టిండ్రు, గందుకే ఆలస్యమాయె. కోపం జెయ్యకు."

చెప్పి, దాగలి మీద తల పెట్టుకుని, మంత్రిగారు ఉన్నారని గానీ ఊరంతా చూస్తోందని గానీ లేకుండా గట్టిగా ఏడ్చింది. నాలుగేళ్ళుగా ఏటా ఏడుస్తున్న ఏడుపే, ఈసారి కొంచెం ఎక్కువ. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మంత్రిగారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది ఆ రోజు కార్యక్రమంలో లేని పని.

ఆ తర్వాత కొలిమి అంటుకుంది. మిరుగు దాకా తిత్తి ఆగలేదు. కర్రులూ పారలూ కొడవళ్ళూ కాలి, సాగి, పదునెక్కాయి. కూల్చిన గది నల్లరాళ్ళు కొడవళ్ళు నూరుకోవడానికి బ్రహ్మాండంగా పనికొచ్చాయని ఊరివాళ్ళు తలా ఒకటి పట్టుకెళ్ళారు. సాయిలు తన గొడ్డలిని అందరికన్నా ముందు పదును పెట్టించుకున్నాడు. కావలివాడికి ఆ మాత్రం హోదా ఉండాలి కదా.

పరాంకుశం గారు మాత్రం ఆరుబయట బల్ల దగ్గర కూర్చుని మండలికి విన్నవించుకున్నారు. ఎండ తల మీద కాస్తోంది, వానలు రానున్నాయి, కనీసం నాలుగు గుంజలు, పైన నాలుగు రేకులు మంజూరు చెయ్యవలసిందిగా ప్రార్థన. మండలి సానుభూతితో పరిశీలించి, తొమ్మిదో నిబంధన పంపింది. బల్లను పది గజాల అవతలికి జరుపుకుంటానంటే, లబ్ధిదారు బాగోగులు చూసే అధికారి ఆయన సన్నిధిలోనే ఉండాలని పదో నిబంధన పంపింది.

మొదటి వాన పడ్డ పొద్దున బళ్ళు కట్టారు. ఆయన కుర్చీలో తడుస్తూ, ఫైలు నెత్తిన పెట్టుకుని కూర్చున్నారు. రుక్కుబాయి బండి ఎక్కబోయి ఆగింది. ఎండకు మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి కదా, వానకు ఇంకొకణ్ణి పోనివ్వడానికి ఆమెకు మనసొప్పలేదు, వాడు ఎవడైనా సరే. బండిలోంచి పాత తాటిపత్రి తీసింది. చినిగిన చోట అతుకులు వేసి ఉంది. తుకారాంతో కలిసి నాలుగు కర్రలు పాతి, ఆయన నెత్తి మీద కట్టింది.

"ఇది తాత్కాలిక కట్టడమే కదా?" అని భయంభయంగా అడిగారు పరాంకుశం గారు.

"గాలొస్తే లేసిపోతది సారూ, రంధి పడకుర్రి," అంది రుక్కుబాయి.

గేటు దగ్గర కొమురెల్లి ఎదురొచ్చాడు. కొత్త పదును పెట్టిన గుంటక పాస భుజాన ఉంది.

"పోతున్నవా అక్కా? ముసలాయనను ఒక్కన్నే ఇడిసిపెట్టి?"

రుక్కుబాయి ఎద్దుల పగ్గం అందుకుని వెనక్కి చూసింది. వానలో, అతుకుల తాటిపత్రి కింద, కదలడానికి వీల్లేని పెద్దసారు కనిపించారు.

"ఒక్కడేంది తమ్మీ? బతికున్నప్పుడు గొర్లు కాసెటోడు సుత మాకు కావలి లేకుండె. ఇప్పుడు చూడు, పెద్దసారునే పెట్టిండ్రు."